వీపు మీద మూడు పట్టీలు

అది కాదమ్మా మనవరాలా, "తప్పు చేశాను" అని రాయకు. "నాకెవరూ చెప్పలేదు" అని రాయి. రాశావా? ఊఁ.

మీ నానమ్మ మతిమరుపుకి డాక్టరు మందు పట్టీలిచ్చాడు. వీపు మీద అతికిస్తే మందు ఒంట్లోకి దిగుతుందట. జబ్బు పోదు, కొన్నాళ్ళు నెమ్మదిస్తుందన్నాడు. మీ అత్త ఇక్కడున్నన్నాళ్ళూ తనే వేసేది, లోపల గదిలో, తలుపేసుకుని. నేను చూస్తానా?

మందు పట్టింది కూడా. ఓ పొద్దున నానమ్మ నా పంక్చర్ షాపులోకొచ్చి, సైకిలు ట్యూబు నీళ్ళ తొట్లో ముంచి, బుడగొచ్చే చోట వేలు పెట్టింది. "ఇక్కడ, చూడు, గుడ్డోడా" అంది. పాతరోజుల్లో తిట్టినట్టే. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత అత్త వెళ్ళిపోతూ, "నాన్నా, రోజూ ఒకటి, మర్చిపోకు" అంది. మర్చిపోలేదు. కానీ పాతది పీకమని అందా? జీవితమంతా పంక్చర్లేసినవాణ్ణి. గట్టిగా పట్టిన అతుకుని ఎవడన్నా పీకుతాడా? పక్కన చోటు చూసి ఇంకోటి వేస్తాం. అలాగే వేశాను.

మూడో పట్టీ వేసిన రోజు నానమ్మ వాంతులు చేసుకుని, గుమ్మంలో పడిపోయింది. ఆస్పత్రిలో నర్సు వీపు చూసి, "ఇదేంటి తాతా, మూడున్నాయి! గుండె నెమ్మదించేసింది" అని ఒక్కొక్కటీ పీకేసింది. మీ అత్త పరుగెత్తుకొచ్చి అందరి ముందూ, "అమ్మేమన్నా నీ షాపులో ట్యూబా?" అని అరిచి, పట్టీల పెట్టె సంచిలో పడేసుకుని పోయింది.

నానమ్మ తేరుకుంది. చిన్న పట్టీతో మళ్ళీ మొదలెట్టొచ్చని డాక్టరే అన్నాడు. పాతది తీశాకే కొత్తది వెయ్యాలని ఇప్పుడు చెప్పాడు, మహానుభావుడు! ఆ మాట అత్తకి చెబుదామంటే నా గొంతు వినగానే ఫోను పెట్టేస్తోంది. ఏం కూతురమ్మా ఇది!

ఇవాళ ఆ తొట్టి నానమ్మ ముందు పెట్టాను. ఆ మురికి నీళ్ళతో మొహం కడుక్కుంది. "మీరెవరండీ, తువ్వాలుందా?" అనడిగింది. అండీ అట, నన్ను!

నీ ఫోనైతే అత్త ఎత్తుతుంది కదా. ఇదంతా చదివి వినిపించు. పెట్టె తెమ్మను. నా చేతుల మీద తనకి నమ్మకం లేకపోతే, పాతది నువ్వు పీకు, కొత్తది నేను అతికిస్తాను. తిట్టాలంటే ఇక్కడికొచ్చి తిట్టమను. చదువు తల్లీ, నానమ్మ నన్ను అండీ అందన్న ముక్క వదలకుండా చదువు.