కంట్లో పువ్వు

ఆళ్లగడ్డకు బయలుదేరే ముందు హుమేరా నంద్యాలలోని తమ ఫోటో స్టూడియో బల్ల మీద రెండు ఫిల్టర్లు పెట్టుకుని కూర్చుంది. రెండూ లెన్సు ముందు బిగించే గుండ్రటి అద్దాలే. ఒకదానికి కోటింగ్ ఉంది. వాలుగా పట్టుకుంటే దాని మీద ఊదారంగు నీడ కదులుతుంది. రెండోది ఉత్త గాజు.

"రాతి దుమ్ములోకి పోతాండావ్. కోటింగ్‌ది ఎందుకు?" అన్నాడు తండ్రి సుభాన్. "నాలుగుసార్లు తుడిస్తే గీతలు పడతాయి. ఉత్తదే బిగించుకో."

"ఎదురు వెలుగు తగిలితే ఉత్తదాంట్లో మచ్చలొస్తాయి నాయనా."

"షెడ్డులో రాతిబొమ్మకు ఎదురు వెలుగు యాడ నుంచి వస్తాది?"

అదీ నిజమేననిపించింది. కోటింగ్ ఫిల్టరు ఆమె ఎంతో మోజుపడి తెప్పించుకున్నది. రాతి పొడికి దాన్ని బలిపెట్టడానికి మనసొప్పలేదు. ఉత్త గాజునే లెన్సుకు బిగించి, రెండోదాన్ని సంచిలో వేసుకుంది.

ఆళ్లగడ్డలో జనార్దనం చెక్కిన చౌడమ్మ విగ్రహం నల్లరాతిది, మనిషి ఎత్తుంది. ఆత్మకూరు వ్యాపారి ఓంప్రకాష్ గుడి కమిటీ తరఫున చేయించుకున్నాడు. కమిటీవాళ్లు చూసి సరేనంటే లారీ ఎక్కుతుంది. వాళ్లకు పంపడానికే ఈ ఫోటోలు. హుమేరా విగ్రహాన్ని నాలుగు వైపుల నుంచీ తీసి, సాయంత్రానికల్లా ఓంప్రకాష్ ఫోనుకు పంపేసింది.

మర్నాడు భోజనాలవేళ ఓంప్రకాష్ ఫోన్ చేశాడు.

"ఏందమ్మా ఇది? అమ్మవారి కంట్లో పువ్వుంది."

"పువ్వా?"

"తెల్లటి మచ్చ. కుడికంట్లో. మా కమిటీలో అందరూ చూసినారు. కంట్లో పువ్వున్న దేవతను గుళ్లో ఎట్ల నిలబెడతారంటాండారు. నువ్వు దగ్గరుండి తీసినావు గదా, నీకు కనపడలేదా?"

హుమేరా కంప్యూటర్లో ఫోటో తెరిచి పెద్దది చేసింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నున్నటి నల్లటి కనుగుడ్డు మీద బియ్యపుగింజంత మచ్చ. రాతిలో ఉన్న తెల్లటి మరక లాగే ఉంది.

"జనార్దనానికి పొద్దున్నే చెప్పినా," ఓంప్రకాష్ అంటున్నాడు. "మొదట అట్లాంటిదేం లేదన్నాడు. ఫోటో పంపితే చూసి ఒప్పుకున్నాడు. మధ్యాన్నం కన్ను దిద్దుతానన్నాడు. నేనూ బయలుదేరి వస్తాండా."

ఫోన్ పెట్టేశాక హుమేరా మళ్లీ ఫోటో వైపు చూసింది. కింద కుడిమూలన, షెడ్డు బయట, ఎవరిదో ట్రాక్టరు నిలబడి ఉంది. దాని అద్దం మీద ఎండ భగ్గుమంటోంది. ఆ మెరుపు నుంచి ఫోటో నడిమధ్యకు వేలితో గీత గీసింది. అదే గీతను అంతే దూరం పైకి సాగదీసింది. వేలు సరిగ్గా అమ్మవారి కుడికంటి మీద ఆగింది.

అది రాతిలో మచ్చ కాదు. ట్రాక్టరు అద్దం మెరుపు కెమెరా లోపల నుంచి వెనక్కి తిరిగి, ఉత్త గాజుకు తగిలి, కంట్లో వచ్చి కూర్చుంది.

జనార్దనానికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. పనిలో కూర్చుంటే ఆయన ఫోను ఇంట్లో పడేస్తాడని ఆమెకు తెలుసు. వేసవిలో ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఇక ఆయనకు పని ఇవ్వొచ్చా అని ఊళ్లో అప్పటికే గుసగుసలున్నాయి. ఆ మనిషి ఇప్పుడు, లేని పువ్వును తీయడానికి ఉలి పట్టుకుంటాడు.

కెమెరా సంచి భుజాన వేసుకుని స్కూటీ తీసింది. "యాడికి?" అని తండ్రి అడిగితే, "వచ్చి చెప్తా," అంది.

శిరివెళ్ల దగ్గర వరిగడ్డి ట్రాక్టర్లు రోడ్డంతా పరుచుకుని పోతున్నాయి. హారన్ కొట్టినా ఎవరూ జరగలేదు. మట్టి అంచులోకి దిగి దాటబోతే స్కూటీ జారింది. కాలు ఆనించి నిలబెట్టుకుంది. మోకాలు రాసుకుపోయింది. మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి స్విచాఫ్.

ఆళ్లగడ్డ చేరి షెడ్డు ముందు స్కూటీ ఆపేసరికి లోపల మిషన్ల చప్పుడు లేదు. ఒక్క ఉలి దెబ్బ వినిపించింది. సన్నగా, ఆచితూచి వేసిన దెబ్బ.

"మామా, ఆపు."

జనార్దనం పీట మీద నిలబడి, అమ్మవారి ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా ఉన్నాడు. సుత్తి గాలిలో ఉంది. ఆయన భార్య కృష్ణకుమారి కింద నిలబడి దీపం పట్టుకుంది.

"అది రాతిలో లేదు మామా. నా ఫోటోలో ఉంది. నా అద్దం తప్పు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. హుమేరా కెమెరా తీసి, కృష్ణకుమారిని దూరంగా నిలబెట్టి, తన ఫోన్ ఇచ్చి టార్చిని కెమెరా వైపుకు వెలిగించమంది. కెమెరా తెర ఆయన ముందు పట్టుకుంది. విగ్రహం చెంప మీద తెల్లటి మచ్చ కనిపించింది. కెమెరా కొంచెం జరిపింది. మచ్చ ముక్కు మీదికి పాకింది. ఇంకొంచెం జరిపితే నొసటికి ఎక్కింది.

"రాతిలోదైతే కదలదు గదా మామా."

తర్వాత ఉత్త గాజు విప్పేసి కోటింగ్ ఫిల్టరు బిగించింది. అదే టార్చి, అదే చోటు. మచ్చ ఉందా లేదా అని వెతుక్కోవాల్సి వచ్చింది.

జనార్దనం పీట దిగి కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు.

"పొద్దున వేలు పెట్టి చూసినా," అన్నాడు. "నున్నగానే ఉండె. ఏమీ లేదని నా వేలు చెప్తానే ఉంది. కన్ను పోయింది, ఇప్పుడు వేలు కూడా పోయిందనుకుంటి. ఫోటో అబద్ధం చెప్తాదా అనుకుంటి."

ఆయన ఉలితో విగ్రహాన్ని చూపించాడు. కనుగుడ్డును లోతు చేయడానికి ముందుగా కొట్టిన చోట, కుడికంటి కింది రెప్ప అంచున గోరు మందాన రాయి లేచిపోయి ఉంది. ఆమె విన్న దెబ్బ అదే.

కృష్ణకుమారి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. హుమేరా తాగలేకపోయింది. పారిపోవాలనిపించింది. కానీ జరిగింది ఓంప్రకాష్‌కు తనే చెప్పాలి.

పొద్దు వాలుతుండగా ఓంప్రకాష్ కారు దిగాడు. హుమేరా ఆయనకూ టార్చి వెలుగులో అంతా చూపించింది. ఆయన కెమెరాను తన చేతుల్లోకి తీసుకుని, తనే అటూ ఇటూ జరిపి, మచ్చ జరగడం చూశాడు. తల ఊపాడు. తర్వాత విగ్రహం దగ్గరికి పోయి కంటిని చేత్తో తడిమాడు. వేలు రెప్ప మీద ఆగింది.

"ఇదేంది?"

"అది నా వల్ల," అంది హుమేరా. "మీరు ఫోటో చూసి చెప్పినారు, మామ ఉలి పెట్టినాడు. ఆ ఫోటో తీసింది నేను. మంచి అద్దం సంచిలో పెట్టుకుని, దుమ్ముకు భయపడి ఉత్తది వాడినా."

"కొట్టింది నేను," అన్నాడు జనార్దనం. "పాప చెయ్యి కాదు గదా."

ఓంప్రకాష్ ఇద్దరినీ చూశాడు. ఫోన్ తీశాడు, ఎవరికో చేయబోయి జేబులో పెట్టేసుకున్నాడు. "సరిచేయగలవా?"

"ఈ రెప్ప ఎంత దిగిందో, ఆ రెప్పా అంత దింపల్ల. వేరే దారి ల్యా."

"తేడా వస్తే?"

"వస్తే, ఈ రాయి నీకు వద్దు. ఇంక నాకూ పని వద్దు."

కృష్ణకుమారి దీపం అందుకోబోయింది. "నేను పడతా అత్తా," అని హుమేరా తీసుకుంది. జనార్దనం పీట ఎక్కాడు. ఈసారి కళ్లద్దాలు పెట్టుకోలేదు. ఎడమచేతి బొటనవేలు కుడిరెప్ప మీద చాలాసేపు ఉంచాడు, తర్వాత అదే వేలిని ఎడమరెప్ప మీదికి తెచ్చాడు. అలా ఇటూ అటూ ఎన్నిసార్లు తిప్పాడో. హుమేరా చెయ్యి లాగేస్తోంది. దీపం కదలకుండా ఉండాలని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది.

ఉలి దెబ్బ పడింది. సన్నటి పొడి రాలింది. ఆయన వేలు పెట్టి చూశాడు, మళ్లీ కొట్టాడు, ఆపేశాడు. సానరాయితో రెండు రెప్పలూ రుద్ది, నూనె గుడ్డతో తుడిచి దిగాడు.

ఓంప్రకాష్ దూరంగా జరిగి నిలబడి చూశాడు. "ముందుకంటే కొంచెం కిందికి చూస్తాంది," అన్నాడు చివరికి. "బాగుంది. రేపు లారీ పంపిస్తా."

ఆయన కారు వెళ్లిపోయాక హుమేరా కెమెరా సంచి సర్దుకుంటుంటే జనార్దనం పక్కన వచ్చి నిలబడ్డాడు.

"ఆయనకు బాగుందంట," అన్నాడు. "నేననుకున్న చూపు అది కాదు పాపా. దూరంగా చూడల్లనుకుంటి."

ఆయన ఉలులు తుడిచి, ఒక్కొక్కటే గోనెగుడ్డలో చుట్టుకుంటున్నాడు.