గోడ మీద పేరు, కుర్చీలో మనిషి

ఉదయం పది గంటలు. ఇళ్లు అమ్మిపెట్టే ఒక చిన్న ఆఫీసులో యజమాని స్టూలెక్కి గోడకు మేకు కొడుతున్నాడు. నడుముకు ఎప్పుడూ పాతిక తాళంచెవులు గలగలలాడుతుంటాయి కనుక అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. మేకుకు తగిలించిన ఫ్రేములో ఉన్నది ఆయన తమ్ముడి భార్యకు వచ్చిన ఇళ్ల ఏజెంటు లైసెన్సు.

"మా మరదలు రెండోసారికే పరీక్ష గట్టెక్కింది. మాటలా!" అన్నాడు స్టూలు దిగుతూ. టైపిస్టు చప్పట్లు కొట్టింది. చూసేవాళ్లకు ముచ్చటైన దృశ్యమే.

ఆ ఫ్రేము వెనక సంగతి మాత్రం ముచ్చటైనది కాదు. మరదలు రెండేళ్లపాటు, పిల్లను బడికి పంపి, వంట ముగించి, చట్టాలూ ఒప్పందాలూ కొలతలూ చదువుకుంది. తనకూ ఒక వృత్తి దొరికిందని సంబరపడింది. బావగారి ఆలోచన వేరు. ఒక ఇంటి లోపం దాచి అమ్మినందుకు ఆయన లైసెన్సు మూడేళ్ల కిందటే రద్దయింది. ఆయనకిప్పుడు కావలసింది గోడ మీద ఒక పేరు.

"నువ్వేం కంగారుపడకమ్మా. పేరు నీది, పని నాది. చూపించినచోట సంతకం పెట్టు, చాలు," అన్నాడు.

ఈ ఏర్పాటు నచ్చక ఆమె ముందురోజే భర్త దగ్గర గునిసింది. సిటీ బస్సు డ్రైవరైన అతను, "అన్నయ్య ఇంటి పైవాటాలో ఉంటున్నాం. ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?" అన్నాడు. సొంతవాళ్ల కోసం అనుకున్నప్పుడు తప్పు కూడా ఎంత సులువుగా సాయమైపోతుందో చూడండి.

మధ్యాహ్నం ఒక నర్సు, ఆమె తండ్రి వచ్చారు. ఇల్లు ముందే చూసుకున్నారు. ఇక ఒప్పందం రాసుకోవడమే మిగిలింది. బావగారు మరదలి ముందుకు కాగితాల కట్ట తోశాడు. 'అమ్మకందారుకు, ఏజెంటుకు తెలిసిన లోపాలు' అన్నచోట ఆయన చేతిరాతతో 'ఏమీ లేవు' అని ఉంది. కింద ఆమె సంతకానికి ఖాళీ.

కట్ట తిరగేస్తుంటే అడుగున పొరపాటున చేరిన మరో కాగితం కనిపించింది. ఆ ఇల్లు పరీక్షించి ఇంజనీరు ఇచ్చిన నివేదిక. వెనకవైపు పునాది కుంగింది, గోడ నేల నుంచి కప్పు దాకా పగిలింది, ఆ గదిలో ఎవరూ ఉండకూడదు. కిందటి నెల తేదీ. ఆమె చేతిలో కలం ఆగిపోయింది.

"వెనక గది నాన్నకండీ. మెట్లెక్కలేరు," అంటోంది నర్సు.

"అందుకే ఆ ఇల్లు చూపించాను. కానివ్వమ్మా, సంతకం పెట్టెయ్, వాళ్లకి ఆలస్యమవుతోంది," అన్నాడు బావగారు. నవ్వుతున్నాడు గానీ, కళ్లు ఆ నివేదిక మీదే ఉన్నాయి.

ముసలాయన గోడమీది ఫ్రేము వంక చూసి, "ఆ పేరు నీదేనా అమ్మా? అయితే నువ్వు చెప్పు. ఇల్లు గట్టిదేనా?" అన్నాడు.

"బండరాయండీ, బండరాయి!" అని అడ్డొచ్చాడు బావగారు.

"మిమ్మల్ని కాదు. ఆవిణ్ణి అడిగాను."

ఆమెకు పైవాటా గుర్తొచ్చింది, పిల్ల బడి గుర్తొచ్చింది. భర్త మాట గుర్తొచ్చింది. ఎదురుగా మోకాళ్లమీద చేతులు పెట్టుకుని జవాబు కోసం చూస్తున్న మనిషి కనిపించాడు.

"ఆ గదిలో పడుకోకండి, బాబాయిగారూ," అంది. "వెనక గోడ పగిలింది. మీకు కనిపించలేదంటే లప్పం పూసి రంగేసి ఉంటారు. ఇదిగో చదవండి."

నర్సు చదివింది. చదువుతున్నంతసేపూ ఆమె చెయ్యి తండ్రి భుజం వదల్లేదు. "ఇంకో అయిదు నిమిషాలాగితే సంతకం పెట్టేసేదాన్ని," అని మాత్రం అని, ఆయన్ని లేవదీసుకుని వెళ్లిపోయింది.

బావగారు తమ్ముడికి ఫోన్ చేశాడు. అతను యూనిఫాంలోనే పరుగున వచ్చాడు.

"నీ పెళ్లాం నా నోట్లో మట్టి కొట్టింది! క్షమాపణ చెప్పించు. లేదా సాయంత్రానికి వాటా ఖాళీ చెయ్!"

తమ్ముడు నిలబడే నివేదిక చదివాడు. తర్వాత భార్యనడిగాడు. "నువ్వు సంతకం పెట్టి ఉంటే, రేపు ఆ గోడ కూలితే ఎవర్ని అడుగుతారు?"

"నన్నే."

అతను అన్నవైపు తిరిగాడు. "అన్నయ్యా," అన్నాడు, "లైసెన్సు పోగొట్టుకున్నవాడికి స్టీరింగిచ్చి, బస్సు నాదే కదా అని నేను పక్కన కూర్చుంటే జనం ఊరుకుంటారా? నిన్న ఈమెని ఒప్పించింది నేను. సిగ్గుగా ఉంది. క్షమాపణ చెప్పాల్సింది నేనే, ఈమెకి."

ఫ్రేమును అతనే దించాడు. సాయంత్రానికి సామాను సర్దుకున్నారు. డిపో వెనక రెండు గదులు దొరికాయి. వంటింట్లో ముగ్గురు పడితే నాలుగోవారు బయటే నిలబడాలి.

మర్నాడు ఆమె లైసెన్సులిచ్చే కార్యాలయానికి వెళ్లి, జరిగిందంతా తనే రాసిచ్చింది. తన లైసెన్సూ పోతుందేమోనన్న భయం మాత్రం వదల్లేదు. కళ్లజోడు పెట్టుకున్న పెద్ద అధికారిణి రెండుసార్లు చదివింది.

"ఒక్కరోజైనా పేరు అరువిచ్చారు. అది తప్పే," అంది. "ఆరు నెలలు మరో ఏజెంటు పర్యవేక్షణలో పని చెయ్యాలి. తర్వాత మీ అంతట మీరు చేసుకోవచ్చు."

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. అధికారిణి కాగితం ఆమె చేతికిస్తూ నెమ్మదిగా అంది: "మీరు చూసింది చూసినట్టు చెబుతారని నమ్మి ఇచ్చాం ఈ లైసెన్సు. ఆ నమ్మకాన్ని ఎంత దగ్గరివాళ్లడిగినా అరువివ్వకండి. అరువిస్తే ముందు కూలేది వేరేవాళ్ల ఇల్లమ్మా."