తొట్టి లెక్క

మా ఆవిడ పోయిన పది రోజులకి అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "పిల్లల్ని ఎప్పట్నుంచి పంపమంటారు మాస్టారూ?" అని అడిగాడు.

నేను మాస్టారిని కాను. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో టైర్లు విప్పి బిగించాను. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ పైన మా ఊళ్లో బడి లేదు. టీచరు మా ఆవిడ. లెక్కలూ సైన్సూ చెప్పేది. ఆవిడ రిటైరైనప్పుడు మెట్ల కింద ఉన్న ఈ గది మాకిచ్చారు. అద్దె లేదు. బదులుగా రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా అపార్ట్‌మెంటు పిల్లలకి హోంవర్కులో సాయం చెయ్యాలి. అదీ ఒప్పందం.

"చెప్పే మనిషి పోయిందిగా," అన్నాను.

"మీరున్నారుగా! పదకొండేళ్లు పక్కనే ఉన్నారు, ఆ మాత్రం అబ్బదా? కుదరదంటే మొహమాటం లేకుండా చెప్పండి. జిమ్ము సామాను పెట్టుకోడానికి ఈ గది కావాలని రెండో అంతస్తు వాళ్లు ఏడాదిగా నా ప్రాణం తోడేస్తున్నారు."

నాకు పిల్లల్లేరు. అన్నదమ్ములతో మాటల్లేవు. పోవడానికి చోటు లేదు.

"సోమవారం నుంచి పంపండి," అన్నాను.

గది సంగతి చెప్పాలి. ఒక గోడకి అవతల నీళ్ల మోటారు. అది వేసినప్పుడల్లా గోడ వణుకుతుంది. ఉన్న ఒక్క కిటికీ మెట్ల కిందికి తెరుచుకుంటుంది. అందులోంచి ఎక్కే దిగే వాళ్ల పాదాలే కనిపిస్తాయి. గదికి అడ్డంగా తెర. తెర వెనక మంచం, స్టవ్వు. తెర ముందు నల్లబోర్డు, చాప. తలుపు చాప చివర ఉంది. పిల్లలు వచ్చి కూర్చున్నారంటే నేను బయటికి పోవాలన్నా వాళ్ల కాళ్లూ సంచులూ దాటాలి. ఐదు నుంచి ఏడు దాకా ఆ పని ఎవడూ చెయ్యలేడు.

ఆవిడ ఉన్నప్పుడు ఆ రెండు గంటలూ నేను గదిలో ఉండేవాణ్ణి కాను. డిపోలో ఉండేవాణ్ణి. రిటైరయ్యాక బయట మీటర్ల పెట్టెల దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. లోపల ఏం జరిగేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మా కాపురంలో చాలా సంగతులు అలాగే నడిచాయి.

ఆవిడ వదిలి వెళ్లినవి పద్దెనిమిది పెద్ద నోటుపుస్తకాలు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రతి పాఠం, ప్రతి లెక్క, ప్రతి ప్రశ్న వరసగా చేసి పెట్టింది. నాకు అవే దిక్కయ్యాయి. పిల్ల పాఠం నంబరు చెబుతుంది, లెక్క నంబరు చెబుతుంది. నేను పుస్తకం తీసి, చూసి బోర్డు మీద రాస్తాను. వాళ్లు దించుకుంటారు. ఎవరైనా ఎందుకలా అని అడిగితే, "ముందు రాసుకో, అదే అర్థమవుతుంది," అనేవాణ్ణి. మా ఊరి మాస్టారు నాతో అన్నదే అది. నాకు ఏనాడూ అర్థం కాలేదు.

నెల తిరిగేసరికి తొమ్మిది మంది పిల్లలు ఇరవై ఆరుగురయ్యారు. ఆవిడ ఒక్క లెక్క గంటసేపు నానబెట్టేదట. నా దగ్గర గంటలో పది లెక్కలు తేలిపోయేవి. తల్లులు మెట్ల మీద నన్ను చూసి నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. "టీచరమ్మ కంటే తాతయ్యే నయమే, ఏడింటికల్లా పిల్ల ఇంట్లో ఉంటోంది," అని ఒకావిడ రెండో ఆవిడతో అనడం కిటికీలోంచి విన్నాను. ఆ మాట అన్న మనిషి మొహం చూడలేదు. మడమలు మాత్రం గుర్తున్నాయి.

ఎనిమిది నెలలు అలా గడిచాయి.

మూడో అంతస్తులో ఒక టైలరు ఉన్నాడు. అతని కూతురు తొమ్మిదో తరగతి. చాప మీద ఎప్పుడూ గోడవారగా కూర్చునేది, ఎక్కువ మాట్లాడేది కాదు. మా ఆవిడ దగ్గర రెండేళ్లు చదివింది. ఆ పిల్లంటే నాకు భయం. నేను రాస్తుంటే దించుకోకుండా బోర్డు వైపు చూసేది.

ఆ రోజు నీళ్ల తొట్టి లెక్క. గుండ్రటి తొట్టి, వ్యాసార్థం ఏడు, ఎత్తు పది, ఎన్ని నీళ్లు పడతాయి? పుస్తకంలో ఉన్నట్టే రాసుకుంటూ పోయి, నాలుగు వందల నలభై అని కింద గీత గీశాను.

"తాతయ్యా," అంది టైలరు కూతురు. "ఏడుని ఏడుతో గుణించాలి కదా? నలభై తొమ్మిది. మీరు ఏడూ ఏడూ కలిపి పద్నాలుగు వేశారు."

"పుస్తకంలో అలాగే ఉంది."

"అది టీచరమ్మ కావాలని పెట్టిన తప్పేమో తాతయ్యా. రోజూ ఒక లెక్కలో పెట్టేవారు. ఇందులో ఒక తప్పుంది, ఎవరు పడతారో చూద్దాం అనేవారు. పట్టుకునేదాకా వదిలేవారు కాదు. నాకు పదిహేను వందల నలభై వచ్చింది, చూడండి."

నోటుపుస్తకం నా వైపు తిప్పి చూపించింది. గుండ్రంగా, శుభ్రంగా రాసి ఉంది.

ఇరవై ఆరుగురూ తలలెత్తి నన్ను చూశారు. ఏడేళ్లు నలభై తొమ్మిదని నాకు తెలుసు. ఎక్కాలు బెత్తం దెబ్బలతో నేర్చుకున్నవాణ్ణి. ఆ పిల్ల చెప్పింది నిజమని ఆ క్షణంలోనే నాకు తెలిసింది. కానీ అది ఒప్పుకుంటే తర్వాతి ప్రశ్న వస్తుంది. ఇన్నాళ్లూ రాసినవాటిలో ఇంకెన్ని? అసలు మీకు లెక్కలు వచ్చా? ఆ ప్రశ్న ఏడింటికల్లా పైకి ఎక్కుతుంది, రాత్రికి సెక్రటరీ దగ్గరికి దిగుతుంది.

"మా ఆవిడకి తప్పులు రాసే అలవాటు లేదు. కొట్టెయ్. బోర్డు మీద ఉన్నది దించుకో," అన్నాను.

"కానీ తాతయ్యా..."

"కొట్టెయ్యమన్నానా!"

కొట్టేసింది. గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది. తర్వాత నాలుగు వందల నలభై వేసింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

వారం తర్వాత టైలరు వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"బాబాయ్, మా పిల్ల కొంప మునిగింది."

స్కూలుకి కొత్త లెక్కల టీచరు వచ్చిందట. పాతాయన నోటుపుస్తకాల మీద టిక్కు పెట్టి పారేసేవాడు. ఈవిడ ప్రతి అక్షరం చదువుతుందట. ఏడుగురి పుస్తకాల్లో ఒకే లెక్క, ఒకే చోట, ఒకే తప్పు. ఏడుని ఏడుతో కలిపిన వాళ్లు ఒకే తరగతిలో ఏడుగురు ఎలా దొరుకుతారని ఆవిడ పట్టుకుంది. ఆరు పుస్తకాల్లో కొట్టివేతలు లేవు. టైలరు కూతురి పుస్తకంలో ఒకటి ఉంది. కాబట్టి మొదట రాసింది ఈ పిల్లే, మిగతా వాళ్లకి చూపించింది ఈ పిల్లే అని తేల్చేశారు.

"సైన్సు హాస్టలు స్కూలు ప్రవేశపరీక్ష ఉంది కదా బాబాయ్. స్కూలుకి ఒక్కరినే పంపుతారు. దీని పేరే రాశారు. ఇప్పుడు కాపీలు ఇచ్చే పిల్ల ఫారం మీద సంతకం పెట్టనంటున్నాడు హెడ్మాస్టరు. శుక్రవారం ఆఖరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. అందరూ నీ దగ్గరే చేశారని చెప్పు చాలు."

"పిల్ల ఏమంటోంది?"

"అదేమంటుంది? నోరు విప్పదు. నిన్నట్నుంచి గోడకేసి తిరిగి పడుకుంది. తాతయ్యని అడుగు అంటుంది, అంతే."

చూద్దాంలే అన్నాను. అతను నా రెండు చేతులూ పట్టుకుని వెళ్లాడు. నా వేళ్లకి సుద్ద అంటింది. గుడ్డ మీద గీసే సుద్ద.

తలుపు వేసి ఆ నోటుపుస్తకం తీశాను. తొట్టి లెక్క పక్కన అంచులో చిన్న ఎర్ర చుక్క ఉంది. పేజీలు తిప్పాను. చాలా చోట్ల చుక్కలు. సైన్సు పాఠంలో నాలుగేసి ఓముల నిరోధాలు రెండు సమాంతరంగా కలిపితే ఎనిమిదని రాసినచోట చుక్క. పుస్తకం దీపానికి దగ్గరగా పట్టుకుని చూస్తే, అది రెండవ్వాలని కింద పెన్సిలుతో సన్నగా ఉంది. ఇన్నాళ్లూ ఆ పెన్సిలు గీతలు నా కళ్లకి ఆనేవి కావు. కళ్లజోడు మార్చాలని ఆవిడ బతికుండగానే పోరింది.

మొదటి పేజీ తిప్పాను. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ పేజీ చూడలేదు. నాకు కావలసింది లెక్కలు. ఆవిడ మాటలు కావు.

"చుక్క పెట్టినచోట తప్పు నేను పెట్టింది. పిల్లలే పట్టుకోవాలి. పట్టుకునేదాకా తుడవకూడదు," అని ఉంది.

అంతే. నా కోసం ఒక్క మాట లేదు. వెతికాను కాబట్టి చెబుతున్నాను.

సెక్రటరీ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. వార్త అతనికి నాకంటే ముందే చేరినట్టుంది.

"టైలరు మీ దగ్గరికొచ్చాడటగా. మీరేం చెప్పారు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు."

"మంచి పని చేశారు. పిల్లలన్నాక కాపీ కొడతారు మాస్టారూ. మీరెందుకు మధ్యలో? మీరు పుస్తకం చూసి రాస్తున్నారని బయటపడితే నేనేం చెయ్యను? మీటింగు పెట్టమంటారు. జిమ్ము వాళ్లు డంబెల్సు పట్టుకుని ఇక్కడే నిలబడతారు." గది అంతా ఒకసారి కలయజూశాడు. "ఈ వయసులో ఎక్కడికి పోతారు చెప్పండి?"

"మీకు తెలుసా, నేను చూసి రాస్తున్నానని?"

"అందరికీ తెలుసు," అన్నాడు. "ఎవరు అడిగారు?"

అతను వెళ్లాక చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. మోటారు వేశారు. గోడ వణికింది. ఆపేశారు. కిటికీలో స్కూలు బూట్లు దిగాయి, ఆఫీసు చెప్పులు దిగాయి. టైలరు కూతురు బూట్ల కోసం చూశాను. అవి దిగలేదు.

శుక్రవారం పొద్దున టైలరుతో వెళ్లాను. నోటుపుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

హెడ్మాస్టరు గదిలో నాకు కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. కొత్త టీచరు ముప్పై ఏళ్ల మనిషి. చేతిలో ఏడు నోటుపుస్తకాలు. పిల్ల తలుపు పక్కన నేల చూస్తూ నిలబడింది.

"ఆ లెక్క తప్పుగా రాయించింది నేను," అన్నాను. "ఏడుగురూ నా బోర్డు చూసి దించుకున్నారు."

టీచరు నవ్వలేదు. "పిల్ల మీద జాలితో అంటున్నారేమో పెద్దాయనా. ఇరవై ఆరుగురికి లెక్కలు చెప్పే మనిషికి ఈ మాత్రం రాదా?"

"రాదు."

"రాదని ఎలా నమ్మమంటారు?" అన్నాడు హెడ్మాస్టరు. "వచ్చినవాడు కూడా రాదనగలడు."

బల్ల మీద చీటీ కాగితం ఒకటి నా వైపు జరిపింది టీచరు. అదే తొట్టి. నీళ్లు పదిహేను వందల నలభై, వ్యాసార్థం ఏడు. ఎత్తెంత?

పెన్ను తీసుకున్నాను. అంకెలన్నీ నాకు తెలిసినవే. కానీ ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ రాసిన దారిలో ముందుకి నడవడమే నాకు వచ్చు. వెనక్కి రావడం రాదు. గుణించాను. కొట్టేశాను. మళ్లీ గుణించాను. చెమట కాగితం మీద పడింది. అరవై ఏడేళ్లవాణ్ణి, ఒక పిల్ల ముందు, దాని తండ్రి ముందు. టైలరు మొహం తిప్పుకున్నాడు.

పెన్ను పెట్టేసి నోటుపుస్తకం తీశాను. మొదటి పేజీ చూపించాను. తర్వాత ఎర్ర చుక్క చూపించాను. టీచరు దాన్ని ఏడు పుస్తకాలతో పోల్చి చూసుకుంది. మళ్లీ మొదటి పేజీకి వెళ్లి చదివింది. ఈసారి నెమ్మదిగా.

"ఈవిడ ఎవరు?"

"మా ఆవిడ. పోయింది."

టీచరు పిల్ల వైపు తిరిగింది. "నీకు ముందు సరైన జవాబే వచ్చింది. మరెందుకు కొట్టేశావమ్మా?"

పిల్ల బూటు కొనతో నేలని గీస్తోంది. అది నన్ను కాపాడుతోందా, నాతోనే చెప్పించాలని చూస్తోందా అనేది నాకిప్పటికీ తెలియదు.

"నేను కొట్టెయ్యమన్నాను," అన్నాను. "తప్పని అది నాకు చెప్పింది. నాకు అర్థమైంది. అర్థమయ్యే కొట్టేయించాను."

"ఎందుకు?"

"గది పోతుందని."

హెడ్మాస్టరు పెన్ను మూత తీసి ఫారం మీద సంతకం పెట్టాడు.

గేటు బయట టైలరు నా కాళ్ల మీద పడబోయాడు. పిల్ల అతని చెయ్యి పట్టి లాగింది. "ఎందుకు నాన్నా? పద," అంది. నా వైపు చూడలేదు. నేనైతే నా మీద ఉమ్మేసేవాణ్ణి.

ఇంటికొచ్చి సామాను సర్దాను. ఒక పెట్టె, ఒక పరుపు, గిన్నెలు. ఎక్కడికి పోవాలో తెలియకపోయినా, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది. బస్టాండుకి పోతే ఏదో ఒక బస్సు ఉంటుంది. బస్సుల సంగతి నాకు తెలుసు.

ఆదివారం మీటింగు పెట్టారు. నన్ను పిలవలేదు. సెక్రటరీ ఒక్కడే దిగి వచ్చాడు. కట్టిన పరుపు చూసి నవ్వాడు.

"విప్పండి మాస్టారూ. మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు."

"నాకు లెక్కలు రావని స్కూల్లో చెప్పి వచ్చాను."

"అదీ చెప్పాను. జిమ్ము వాళ్లు గట్టిగానే అరిచారు. కానీ తల్లులు ఒప్పుకోలేదు. తప్పో ఒప్పో, పిల్లల్ని రెండు గంటలు కూర్చోబెట్టి హోంవర్కు పూర్తి చేయించే మనిషి ఇంకెవరు దొరుకుతారు? ఇరవై ఆరు ఇళ్లలో ఇరవై అయిదు చేతులెత్తాయి." నా భుజం తట్టాడు. "మీకు ఈ అపార్ట్‌మెంటులో ఎంత పరపతి ఉందో మీకే తెలియదు."

"నేను పోతానంటే?"

"ఎక్కడికి?" అన్నాడు. చెప్పులు టపటపలాడించుకుంటూ పైకి వెళ్లిపోయాడు.

పరుపు విప్పలేదు. సోమవారం ఐదింటికి దాన్ని గోడకి జరిపి, చాప పరిచి, కుర్చీలో కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. సంచులు తలుపు దాకా నిండాయి. టైలరు కూతురు రాలేదు. అది కూర్చునే చోట ఇంకో పిల్ల అప్పటికే కాళ్లు చాపుకుంది.

"ఒక మాట," అన్నాను. "నాకు లెక్కలు రావు. సైన్సూ రాదు. ఇన్నాళ్లూ చూసి రాశాను. అందులో తప్పులున్నాయి."

ఎవరి నోటుపుస్తకమూ మూసుకోలేదు. ముందు వరసలో ఉన్న ఆరో తరగతి పిల్ల పెన్సిలు చెక్కుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"పర్లేదు తాతయ్యా," అంది. "మీరు రాయండి, మేం దించుకుంటాం. నాలుగో పాఠం, రెండో లెక్క."