మూరన్నర ఫిల్ము

నేను ఒక సినిమా రీలును. పదహారింటిలో తొమ్మిదోదాన్ని. మద్రాసు ల్యాబులో రసాయనాల్లో స్నానం చేసి, రేకు డబ్బాలో చుట్టుకుని పడుకుని, రైల్లో ఊళ్లు తిరిగినదాన్ని. నాలో పాట లేదు, ఫైటు లేదు. అయినా భీమిలి జనం ఆ సినిమా గురించి చెప్పుకున్నప్పుడల్లా నాలోవే తలచుకునేవారు. పెళ్లికూతురు కొట్టుగదిలో దొంగతనంగా బెల్లం కొరకడం, కూతురిని సాగనంపుతూ తండ్రి తుడిచిన కళ్లద్దాలనే మళ్లీ మళ్లీ తుడవడం. లక్షలు పోసి తీసిన యుద్ధాన్ని మరిచిపోయి బెల్లంముక్కను గుర్తుపెట్టుకునే ఈ మనుషులు నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

వాళ్లలో పోలమ్మ ఇంకా విచిత్రం. ఆమెకు బెల్లమూ వద్దు, కళ్లద్దాలూ వద్దు. పెళ్లికూతురు పడవ ఎక్కేచోట తాడు పట్టుకున్న పడవవాడొకడు తల తిప్పి, సిగ్గుగా నవ్వుతాడు. ముప్పై ఆరు ఫ్రేములు, సెకనున్నర. అతను ఆమె భర్త ఎల్లాజీ. షూటింగు వాళ్లు అతని పడవే అద్దెకు తీసుకున్నారు. ఆ రోజు కెమెరా పక్కన జనంలో నిలబడ్డ పోలమ్మను చూసి నవ్వాడు. దర్శకుడికి నచ్చి ఉంచేశాడు. నెల తిరక్కుండానే ఎల్లాజీ చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు.

సినిమా విడుదలయ్యాక ఆమె రోజూ మ్యాటినీకి వచ్చేది. నా వంతు అయిపోగానే లేచి వెళ్లిపోయేది. అత్తగారు కర్మ చేయించమని పోరుతుంటే, కంటికి కనబడుతున్న మనిషికి కర్మ ఏమిటని ఎదురు తిరిగిందట. రెండో వారంలో ఆమె మెట్లెక్కి, ప్రొజెక్టరు కేబిన్‌లో ఉన్న ఆపరేటరు పైడయ్య దగ్గరకు వచ్చింది.

"నానెక్కడ కూకుంటే ఆడు అటే సూత్తన్నాడు బావూ," అంది.

బొమ్మల కళ్లు ఎవరికైనా అలాగే అనిపిస్తాయని పైడయ్య సర్దిచెప్పాడు. మర్నాడు ఆమె ఎప్పుడూ కూర్చునే కుడివైపు బెంచీ వదిలి ఎడమవైపు గోడ వారగా కూర్చుంది. పైడయ్య కేబిన్ కిటికీలోంచి చూశాడు. తెర మీద ఎల్లాజీ తల ఎడమకు తిరిగింది. ఆట అవగానే పైడయ్య నన్ను బల్ల మీద పరచి, బల్బు వెలుగులో భూతద్దంతో వెతికాడు. నా మీద అతని ముఖం ఎప్పటిలాగే కుడివైపుకే ఉంది. నేను మారలేదు. నాలోంచి వెళ్లిన వెలుతురే దారి మార్చుకుంది.

తరువాత రెండు రోజులు పోలమ్మకు జ్వరం. ఆ రెండు రోజులూ తెర మీద ఎల్లాజీ నవ్వలేదు. బెంచీలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయాడు. హాల్లో ఎవరూ గమనించలేదు. వాళ్లంతా పెళ్లికూతురినే చూస్తున్నారు.

ఆ వారంతో సినిమా ఊరు వదులుతుందని తెలిసి పోలమ్మ మళ్లీ కేబిన్‌కు వచ్చింది. ఏడవలేదు. ఆ కాస్త ముక్క తనకిమ్మని అడిగింది. పైడయ్య తలుపు గడియ పెట్టాడు. బ్లేడుతో నన్ను కోశాడు. మూరన్నర పొడవు ఫిల్ము కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టి, మిగిలిన కొసలు అతికించాడు.

"ఇంక నా రీల్లో ఆడు లేడమ్మా. రేపు తెర మీద ఎతకొద్దు," అన్నాడు.

అయినా ఆఖరి మ్యాటినీకి ఆమె వచ్చింది, పొట్లం కొంగున కట్టుకుని. అతుకు ప్రొజెక్టరులో దీపం ముందుండే గేటు దాటుతున్నప్పుడు టిక్కుమన్న చప్పుడు నాకు తెలిసింది. తరువాత రావలసింది ఖాళీ పడవ. కానీ తెర మీద ఎల్లాజీ ఉన్నాడు. నాలో లేని మనిషి నాలోంచి వెలుతురై ఎలా వెళ్లాడో నేను చెప్పలేను. తిన్నగా ఆమె వైపు తిరిగాడు. నవ్వలేదు. పెదవులు కదిలాయి. సెకనున్నర ఎప్పుడో దాటిపోయింది. అతను తాడు వదిలేసి నీళ్లలోకి నడిచాడు.

ఆట మధ్యలోనే పోలమ్మ పైకి వచ్చింది. పైడయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఎల్తన్నానన్నాడు," అంది ఆమె. "ఆ రోజు సెప్పకుండా ఎల్లిపోనాడు కదా, అందుకొచ్చినాడు."

కొంగు ముడి విప్పి ఫిల్ము అతనికి అందించింది. పైడయ్య దాన్ని ఎండకు పట్టి చూశాడు. ముప్పై ఆరు ఫ్రేముల్లోనూ పడవ ఉంది, సముద్రం ఉంది. ఇసుక మీద తాడు పడి ఉంది. మనిషి లేడు.

పైడయ్య దాన్ని తిరిగి ఇవ్వడానికి కూడా భయపడ్డాడు. పోలమ్మే తీసుకుని, మళ్లీ చుట్టి, అత్తతో మాట్లాడాలని చెప్పి మెట్లు దిగిపోయింది. ఆ సాయంత్రమే ఒడ్డున కర్మ జరిగిందని, అప్పుడు ఆమె మొదటిసారి గొంతెత్తి ఏడ్చిందని, నన్ను డబ్బాలో పెడుతూ పైడయ్య ఎవరికో చెప్పాడు.

తరువాతి ఊళ్లలో అతుకు దగ్గర పడవ చిన్నగా గెంతేది. అంతే. ఇప్పుడు విజయవాడలో ఒక గోడౌనులో ఉన్నాను. ఒంటినిండా పాతబడ్డ ఫిల్ముకు పట్టే పులిసిన వాసన. బొమ్మలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. ముందు పెళ్లికూతురు పోయింది, తరువాత కళ్లద్దాల తండ్రి. సముద్రం మాత్రం పోలేదు. ఈమధ్య అతుకు దాటి, నీళ్లే లేని పెళ్లింటి ఫ్రేముల్లోకి కూడా వస్తోంది.