రెండో వైపు పాటలు

జీవరాజు వైరు ముక్కని పళ్ళతో పట్టుకుని, కొబ్బరిచెట్టుకి ఆనించిన నిచ్చెన మీద నిలబడి, రెండో మైకు గొట్టాన్ని కాలవ వైపు తిప్పుతున్నాడు. మొదటిది అప్పటికే చర్చి వైపు చూస్తోంది. గొట్టం మూతి జానెడు పక్కకి పోయిందంటే మాటంతా అవతలి చేలల్లో కొంగల పాలవుతుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అతనికి బాగా తెలిసినవి అలాంటివే, పెద్దగా ఎవరికీ పనికిరానివి.

బక్కపలచని మనిషి. వైర్ల చుట్టలు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. టేపు జిగురు పట్టి వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. డీజే బాక్సులు వచ్చాక అతని గొట్టాల్ని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళిళ్ళు చేజారాయి. జాతరకి ఒకరోజు, ఎలక్షన్లప్పుడు కొన్నాళ్ళు, మధ్యలో చావులు. మాట్లాడే పనంతా మైకే చేసిపెట్టడం వల్లనేమో, జీవరాజుకి సొంతంగా నోరు పెగలదు.

ఇవాళ మాత్రం పిలవకపోయినా వచ్చేవాడే. సాయంత్రం విజయ్ పాల్ మాస్టారి ఎనభయ్యో పుట్టినరోజు కృతజ్ఞత కూడిక, ఈ ఇంటి ముందే ప్రార్థన.

మాస్టారు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పారు, హార్మోనియం వాయించారు, పాటలు కట్టి తనే పాడారు. వయసులో ఉండగా ఒకసారి రాజమండ్రి వెళ్ళి ఒక కేసెట్టు చేయించుకొచ్చారు. అందులో మొదటి వైపు మొదటి పాట, క్రిస్మస్ పాట, ఎలా పాకిందో ఎవరికీ తెలియదు గాని, రామచంద్రపురం చుట్టుపక్కల ఆ పాట పాడని చర్చి లేదు. కట్టింది మాస్టారని పాడేవాళ్ళలో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళు ఆయన కనబడితే చాలు, ఆ ఒక్కటే పాడమంటారు. కేసెట్టుని రెండో వైపు తిప్పి విన్నవాడు ఎవరయ్యా అంటే, ఈ జీవరాజు ఒక్కడే.

రెండో వైపు గొల్లలూ లేరు, నక్షత్రమూ లేదు. కాలవలోంచి బయటికి రానని మొండికేసిన గేదె మీద ఒకటి, అలిగి పడుకున్న భార్య మీద ఒకటి, రేవు మీద ఒకటి. ఒకచోట మాస్టారు ఊపిరి తీసుకుంటుంటే కుర్చీ కిర్రుమంటుంది. ఆ కిర్రుని కూడా జీవరాజు పాట కిందే జమకట్టుకున్నాడు. అన్నిటిలోకి అతనికి ప్రాణం ఆఖరిది, రేవు పాట.

రేవు దాటినాక గాని తెలియలేదు నాకు
చెప్పులొడ్డునే విడిచి వచ్చానని...

రెండో చరణం సగంలో ఉండగా టేపు అయిపోతుంది. తర్వాతేముందో అడగాలని జీవరాజు ఏళ్ళ తరబడి అనుకుంటున్నాడు. మాస్టారు ఎదురైతే నమస్కారమండి అంటాడు, పక్కకి తప్పుకుంటాడు, అంతే. ఇవాళ అడుగుదామనే తెల్లారకుండా వచ్చాడు. ఆ పాట మాస్టారి నోట, తన మైకులో, చివరిదాకా వినాలి. అంతకు మించి కోరికలేవీ అతనికి మిగల్లేదు.

నిచ్చెన దిగి, కేసెట్టు పాటలు ఎక్కించుకున్న పెన్‌డ్రైవ్ పెట్టి, రేవు పాట వేశాడు. వేసి నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

పల్లవి కూడా పూర్తవలేదు. పక్కింటి పెద్దింట్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తుకొచ్చింది. "అయ్యో మాస్టారండీ! నిన్న సాయంత్రం నా చేత్తో బచ్చలికూర ఇచ్చానండీ!" అంటూ వరండా మెట్ల మీద కూలబడింది. ఆవిడ వెనకే తువ్వాళ్ళు భుజాన వేసుకుని మగవాళ్ళు వచ్చారు. ఒకాయన అప్పటికే రావులపాలెంలో ఉన్న తమ్ముడికి ఫోను చేసేస్తున్నాడు. ఇంకొకాయన చేతిలో బంతిపూల దండ.

"ఎన్నింటికి పోయారండి?" అని దండాయన జీవరాజుని అడిగాడు.

"ఎవరండి?" అన్నాడు జీవరాజు.

అప్పుడు ఒక చెంపకి సబ్బు నురగతో మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. పెద్దింట్లమ్మ కెవ్వుమంది.

"నేనేనండి పెద్దింట్లమ్మ గారూ. గడ్డం సగమే అయింది, అప్పుడే ఎక్కడికి పోతాను?"

"మరి ఆ పాట వేశాడేంటండీ! ఆ పాట వేస్తే ఎవరో పోయినట్టే కదండీ!"

అవునవునన్నారు అందరూ. మా నాన్నకీ ఇదే వేశాడని ఒకరు, మా అత్తకీ ఇదేనని ఇంకొకరు. మాస్టారి కూతురు ప్రిస్కిల్లా విసురుగా బయటికి వచ్చింది. "అన్నయ్యా, పుట్టినరోజు నాడు చావు పాటలేంటి? ముందు తీసెయ్యండి."

జీవరాజు చెవులు కాలిపోయాయి. నిజమే, వేశాడు. పెళ్ళిలో వేస్తే ఏంటయ్యా ఆ ఏడుపని ఆపించారు. ఎలక్షను జీపులో వేస్తే అభ్యర్థి తమ్ముడు కొట్టినంత పని చేశాడు. వద్దని ఎవరూ అననిది చావింట్లోనే. అక్కడ పొద్దుటి నుంచి భూస్థాపన దాకా ఏది వేసినా వింటారు. నలుగురూ వింటారు కదా అన్న ఆశతోనే ప్రతి చావుకీ వేశాడు. వేసి వేసి వాటిని చావు పాటలు చేశాడు. ఇంత ప్రేమించి చేసింది ఇదా అనిపించింది. పాట తీసేసి ఆగస్టు నెలలో క్రిస్మస్ పాట వేశాడు. జనం నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టారు వరండాలో కుర్చీ వేయించుకుని అతన్ని పిలిచారు.

"ఏరా, నా పాటల్ని చావులకి వేస్తున్నావంట?"

"వినిపిద్దామనండి. ఇంకెక్కడా వెయ్యనివ్వలేదండి."

"ఒరే, రేవు పాట నవ్వుకోడానికి కట్టానురా. కొత్త పెళ్ళికొడుకుని, కోటిపల్లి రేవులో కొత్త చెప్పులు వదిలేసి పంటి పడవ ఎక్కేశాను. ఒట్టి కాళ్ళతో అత్తారింటికెళ్తే మా మావగారు నా కాళ్ళ వంక చూసి, 'అబ్బాయి ఎంత అణకువో' అన్నారు." చెబుతూ చెబుతూ దగ్గు వచ్చేదాకా నవ్వారు మాస్టారు.

జీవరాజుకి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ పాట విని అతను తన తండ్రి సమాధి దగ్గర ఏడ్చాడు. చూరు కింద ఒక్కడూ కూర్చుని ఊరికే ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. అదంతా చెప్పుల కోసమా? మాస్టారి మీద కోపం వచ్చింది. అంతలోనే కోపం వచ్చినందుకు సిగ్గేసింది. ఆ పాట మీద ఇష్టం మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గలేదు, అదే అతనికి అర్థం కాలేదు.

"ఏంట్రా, అలా అయిపోయావు?"

"ఏమోనండి. నాకేం తెలీట్లేదండి." వేళ్ళకంటిన జిగురు గోక్కుంటూ అడిగాడు. "మాస్టారండి... అందులో రెండో చరణం సగంలో టేపు అయిపోయిందండి. తర్వాతేముందండి?"

మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదురా" అన్నారు. "మైకు ఇలా తీసుకురా."

జీవరాజు స్టాండు తెచ్చి, మరలు వదులు చేసి, మాస్టారి నోటి దాకా దించి బిగించాడు. స్విచ్చి వేయగానే మైకు కుయ్యిమంది. గొట్టాన్ని కాస్త అవతలికి తిప్పాలి. గబగబా నిచ్చెనెక్కాడు. ఎక్కుతుండగానే పాట మొదలైంది. గొంతు బొంగురుపోయింది, శ్రుతి కూడా కొంచెం కిందికి దిగింది, అయినా అదే గొంతు. టేపు తెగే చోటు వచ్చింది, దాటింది. జీవరాజు కొబ్బరిచెట్టుని కావలించుకుని ఉండిపోయాడు.

ఎదురొచ్చిన పడవవాడు ఏమన్నాడంటే...

"మళ్ళీ మొదలెట్టావా జీవరాజూ!" పెద్దింట్లమ్మ తన పెరట్లోంచి అరిచింది. "ఈసారి మేం రాం!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి పాట కూడా ఆగి ఉంది.

వైరు ఊడిందనుకున్నాడు జీవరాజు. అతుకు విప్పి చూశాడు, పళ్ళతో మళ్ళీ బిగించాడు, గొట్టం మీద వేలితో కొట్టాడు. లోపల గుయ్యిమనే చప్పుడు వస్తూనే ఉంది. వైర్లన్నీ బాగానే ఉన్నాయని తేలాకే కిందికి చూశాడు. మాస్టారి గడ్డం గుండెల మీదికి వాలిపోయి ఉంది.

రామచంద్రపురం నుంచి డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, ఏమీ లేదన్నట్టు తల తిప్పి వెళ్ళిపోయాడు. ప్రిస్కిల్లా, జీవరాజు కలిసి మాస్టారిని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టారు. ప్రిస్కిల్లా ఏడ్చి ఏడ్చి బయటికి వచ్చింది. "మైకు వెయ్యండన్నయ్యా. ఊరికి తెలియాలి కదా. నాన్నగారి ఆ పాటలే వెయ్యండి."

జీవరాజు రెండో వైపు మొత్తం వేశాడు. రేవు పాట రెండుసార్లు వేశాడు. ఒక్కరూ రాలేదు. బండి మీద పోతున్న ఎవరో "ఇవాళ జీవరాజుకి తిక్క రేగింది" అని నవ్వుతూ పోయారు. సౌండు పెంచాడు. కాలవ అవతల బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు తల కూడా ఎత్తలేదు.

చివరికి మైకు అలా మోగుతుండగానే జీవరాజు వీధిలోకి దిగాడు. ఇంటింటి ముందూ నిలబడి తన నోటితో చెప్పాడు. "మాస్టారు పోయారండి. నిజంగానండి." పెద్దింట్లమ్మ ముందు నవ్వబోయింది. అతని మొహం చూసి చేతిలో చెంబు వదిలేసింది.

దీపాలు పెట్టే వేళకి ఇల్లంతా జనమే. కూడికకి తెప్పించిన కుర్చీలు చాల్లేదు. అందరూ మాస్టారి గొప్ప చెప్పుకుంటున్నారు, క్రిస్మస్ పాట గురించే చెప్పుకుంటున్నారు. జీవరాజు చెట్టు మొదట్లో నిలబడి ఆ చరణాన్ని గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఎదురొచ్చిన పడవవాడు ఏమన్నాడంటే... అక్కడి నుంచి పెద్దింట్లమ్మ నవ్వే వినబడుతోంది. రికార్డు నొక్కాలన్న ధ్యాసే లేకపోయింది. పడవవాడు ఏమన్నాడో ఇక ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చింది. పడవవాడిది నవ్వించే మాటేమోనని అనుమానం వచ్చి ఏడవనూ లేకపోయాడు.

పాస్టరు గారు ప్రార్థనకి లేచి, వంగి స్టాండు అందుకోబోయారు. జీవరాజు అడ్డంపడి వైరు లేని మైకు తెచ్చి ఆయన చేతికిచ్చాడు. మాస్టారి కుర్చీని వచ్చినవాళ్ళెవరో కూర్చోవడానికి తీసుకుపోయారు. ఖాళీ అయిన ఆ చోట స్టాండు ఒక్కటే, కూర్చున్న మనిషి నోటి ఎత్తుకి దించి, మర బిగించి, అలాగే ఉంది.