టీకి ముందు నొక్కే కబురు

యాప్ వదిలిన తొమ్మిదో రోజు పొద్దున చూస్తే, ముందురోజు చదివినవాళ్ల లెక్క మూడొందలు దాటింది. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద ఒక జిరాక్సు షాపు పైనున్న చిన్న గదిలో ముగ్గురు మనుషులు ఆ అంకె చుట్టూ మూగారు. తర్వాత సుకన్య కిందికి పరుగెత్తి వేడివేడి పునుగులు కట్టించుకొచ్చింది. తేరగా వచ్చిన సంతోషాన్ని నమ్మడం వెంకటకృష్ణ వల్ల అయ్యే పని కాదు. అతను ఒక చేత్తో పునుగు తింటూ, రెండో చేత్తో ఆ మూడొందల మందీ ఎవరా అని తవ్వడం మొదలుపెట్టాడు.

యాప్ పేరు ‘పల్నాటి కబురు’. ఆలోచన సుకన్యది. ఏ ఊరికి బస్సు మానేశారు, ఏ కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఏ ఆసుపత్రికి ఏ డాక్టరు ఏ రోజు వస్తాడు... పెద్ద పేపర్లు మూలన రెండు ముక్కలు రాసి వదిలేసే ఇలాంటి సంగతుల్ని రోజూ పొద్దున్నే జనం ఫోనులో పెట్టడం దాని పని. అల్ఫియా స్కూటీ మీద ఊళ్లు తిరిగి వార్తలు తెచ్చి రాస్తుంది. వెంకటకృష్ణ కోడు చూసుకుంటాడు. మిగిలిన పనులన్నీ సుకన్యవి. అంటే ఇంటి ఓనరు దగ్గర్నుంచి నెట్ కనెక్షన్ వాడి దాకా అందరి చేతా మాటలు పడటం.

రెండేళ్లుగా ఆమెకు వేరే లోకం లేదు. అయినా ఒప్పందం ఒప్పందమే. విడుదలైన పదిహేను రోజుల్లో రోజుకు మూడొందల మంది చదవకపోతే మూసేద్దామని ముగ్గురూ ముందే అనుకున్నారు. వెంకటకృష్ణకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి ఉంది, పదహారో రోజున చేరాలి. అతను వెళ్లిపోతే ఇక యాప్ లేదు. వారమంతా అరవై దగ్గరే కూలబడిన లెక్క ఉన్నట్టుండి లేచి పరుగెత్తేసరికి సుకన్యకు కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం పునుగులు చల్లారేదాకా కూడా నిలవలేదు.

వెంకటకృష్ణ స్క్రీను ఆమె వైపు తిప్పాడు. మూడొందల పన్నెండు మందిలో రెండొందల యాభై మంది గురజాల వాళ్లే. అందరూ పొద్దున పదిన్నరకోసారి, మధ్యాహ్నం మూడున్నరకోసారి యాప్ తెరుస్తున్నారు. ఉన్న పాతిక వార్తల్నీ వరసబెట్టి నొక్కుతున్నారు. ఒక్కో వార్త మీద రెండు సెకన్లు. రెండు సెకన్లలో హెడ్డింగు కూడా పూర్తి కాదు. ఇది మనుషులు చేసే పని కాదనీ, ఎవరో మిషను పెట్టి నొక్కిస్తున్నారనీ, గురజాలను మొత్తంగా లెక్కలోంచి తీసేయాలనీ అతను తేల్చేశాడు.

పదిన్నర, మూడున్నర. ఆ వేళలు సుకన్యకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అవి మిరప కల్లాల్లో టీ వేళలు. ఒక్కరోజు ఆగమని వాళ్లిద్దరికీ చెప్పి, బ్యాగు తగిలించుకుని గురజాల బస్సెక్కింది.

గురజాలలో సుకన్య తల్లి సీతారావమ్మ ముచ్చికలు తీసే కూలీలకు మేస్త్రి. ఎండిన మిరపకాయల తొడిమలు తుంచి, రంగు పోయిన తాలు కాయల్ని ఏరే ఆ పనికి, సీజన్లో ఆరు ముఠాల ఆడవాళ్లు ఆమె మాట మీద కదులుతారు. ఆమె గొంతు లేచిందంటే కల్లం రైతు కూడా కండువా సర్దుకుంటాడు. చదువు మాత్రం లేదు. పేరు సంతకం పెట్టడం వరకే వచ్చు, బస్సు బోర్డు చదవాలంటే పక్కవాళ్లను అడగాల్సిందే.

సుకన్య ఊరి బయట కల్లానికి చేరేసరికి మూడున్నరవుతోంది. ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మి, రేకుల పంచ పక్కన నిలబడింది. ఎర్రటి రాశుల మధ్య నుంచి ఆడవాళ్లు లేచి, చేతులు కొంగులకు తుడుచుకుని ఫోన్లు తీశారు. వేళ్లకు కారం ఉందని కొందరు వేలి కణుపుతో నొక్కుతున్నారు. టీ క్యాను ముందు సీతారావమ్మ పీట వేసుకుని కూర్చుంది. ముందు కబురు నొక్కాలి, తర్వాతే టీ. ఒక్కొక్కరూ వచ్చి స్క్రీను చూపిస్తున్నారు. నొక్కితే రంగు మారే హెడ్డింగులన్నీ మారాయో లేదో చూసి ఆమె గ్లాసు నింపుతోంది. ఒకావిడ కింద నాలుగు వదిలేసిందని వెనక్కి పంపేసింది.

సుకన్యకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. విడుదల రోజున ఫోనులో తనే చెప్పింది, ఎంతమంది వార్తలు తెరిస్తే అంత మంచిదమ్మా, మూడొందలు దాటకపోతే మూసేస్తాం అని. చెప్పి మర్చిపోయింది. తల్లి మర్చిపోలేదు, ముఠాలు నిన్న కల్లంలోకి దిగగానే మొదలుపెట్టింది.

కూతుర్ని చూడగానే సీతారావమ్మ మొహం వెలిగిపోయింది.

"ఏమే, చెప్పకుండా వచ్చావేంది? చూశావా, మూడొందలు దాటించా. ఇంకా దాచేపల్లి ముఠాలు రెండు రావాల. వాళ్లూ నొక్కితే నాలుగొందలు."

నిజం చెబితే ఆ మొహం ఏమవుతుందో సుకన్యకు తెలుసు. చెప్పకపోతే గదిలో ఉన్న ఇద్దర్నీ మోసం చేసినట్టు. తల్లిని పక్కకు పిలిచి, వీలైనంత మెల్లగా చెప్పింది. చదవకుండా నొక్కితే లాభం లేదనీ, దాంతో నిజంగా చదివేవాళ్లు ఎవరో తెలియకుండా పోతుందనీ, రేపటి నుంచి నొక్కించొద్దనీ.

సీతారావమ్మ టీ క్యాను మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్లీ బిగించింది.

"నీ చదువుకి నేనేనాడూ సాయం పట్టలేకపోయా. అక్షరం ముక్క రానిదాన్ని, ఏం పడతా. నొక్కితే చాలన్నావు గదా, ఇదన్నా నాకు చేతనవుద్దని చానా సంబరపడ్డానే."

సుకన్య తల్లి చెయ్యి పట్టుకుంది. తను రెండేళ్లు కష్టపడి చేసిన వస్తువు తన తల్లికి దేనికీ పనికిరాదన్న సంగతి అంతవరకూ ఆమెకు తట్టనే లేదు. అందుకు చెప్పలేనంత సిగ్గేసింది.

అంతలో నాగలక్ష్మి అనే కూలీ ఫోను పట్టుకుని వచ్చింది. ఎట్టాగూ వచ్చావు గదా, ఈ బస్సు బొమ్మ పక్కన ఏం రాశారో కాస్త చెప్పి పొమ్మంది. సుకన్య చదివింది. అది నాగలక్ష్మి వాళ్ల ఊరి వార్తే. ఆగిపోయిన పొద్దుటి బస్సు మొన్నటి నుంచి మళ్లీ తిరుగుతోంది. ఆ బస్సు లేకనే ఆమె చీకటితో లేచి మూడు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కుతోంది. రెండు రోజుల్లో ఆ వార్తను నాలుగుసార్లు నొక్కింది, రెండు రోజులూ నడిచే వచ్చింది.

ఇక సుకన్యను ఎవరూ వదల్లేదు. మా ఊరిదేదన్నా ఉందేమో చూడమని ఒకరు, ఆ నీళ్ల బొమ్మ ఏందని ఒకరు. టీ వేళ దాటిపోయిందని కల్లం రైతు పుల్లారావు వచ్చి గొణిగాడు. వాళ్ల చేతులు పనిలోనే ఉంటాయిలే, చెవులతో నీకేం పని అని సీతారావమ్మ అతన్ని అక్కడికక్కడే పంపించేసింది. ఆడవాళ్లు ముచ్చికలు తుంచుతుంటే, సుకన్య రాశుల మధ్య తిరుగుతూ పాతిక వార్తలూ పైకి చదివింది. ఈ చేతులకు ఫోనుతో పని ఉండకూడదు, ఒక్కసారి మొదలుపెడితే చివరిదాకా యాపే చెప్పుకుంటూ పోవాలి. ఆ సంగతి ఆమెకు అక్కడే అర్థమైంది.

మర్నాడు గదిలో దగ్గరుండి గురజాల లెక్క తీసేయించింది. అరవై రెండు మిగిలింది. కల్లంలో జరిగింది చెబుతుంటే అల్ఫియా చున్నీతో కళ్లొత్తుకుంది. వెంకటకృష్ణ బయటికెళ్లి హైదరాబాదు వాళ్లకు ఫోను చేసి, చేరడానికి నెల రోజులు గడువు అడిగాడు. వాళ్లు ఇచ్చారు. లోపలికొచ్చి, అల్ఫియా గొంతు బాగుంటుంది, ఆవిడ చేతే చదివిద్దాం అన్నాడు. మీట ఒక్కసారి నొక్కితే వార్తలన్నీ ఆగకుండా వినిపించేట్టు మార్చడానికి ఆరు రోజులు పట్టింది.

కొత్తది వదిలిన రోజున గురజాలలో విన్నది ముప్పై ఒక్క మంది. బలవంతం లేకపోతే లెక్క అంతే ఉంటుంది మరి. వాళ్లలో ఒక్క ఫోను మాత్రం మొత్తం పంతొమ్మిది నిమిషాలూ విన్నట్టు చూపించింది. ఆ నంబరు సుకన్యకు నోటికొచ్చు, అమ్మది. అమ్మ మళ్లీ నొక్కేసి పక్కన పడేసిందేమోనని భయమేసింది. సాయంత్రం ఫోను చేసింది గానీ, ఆ మాట అడగడానికి నోరు రాలేదు. ఏం చేస్తున్నావమ్మా అని మాత్రం అంది.

ఏం చేస్తా గానీ నీకో సంగతి చెప్పాలని సీతారావమ్మ మొదలుపెట్టింది. కారంపూడి వైపు కాలవకు శుక్రవారం నీళ్లు వదులుతారట. పిడుగురాళ్లకు కంటి డాక్టరు నెలకు రెండుసార్లు వస్తాడట, నాగలక్ష్మికి చూపు ఆనడం లేదు కాబట్టి ఈసారి తీసుకెళ్లాలట. చదివే అమ్మాయి నిదానంగా చక్కగా చెబుతోందట, సుకన్య అయితే ఎవరో తరుముతున్నట్టు చదువుతుందట. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోతోంది.

సుకన్య కుర్చీలో వెనక్కి వాలింది. ఇన్నేళ్లలో ఏ సంగతైనా అమ్మకు ఇంకొకళ్లు చెప్పాల్సిందే. ఇలా తనంతట తను తెలుసుకుని, ఇంకొకళ్లకు చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ వార్తలన్నీ పొద్దున తను దిద్దినవే. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో తెలుసు.

సీతారావమ్మకు మధ్యలో అనుమానమొచ్చింది.

"ఇయ్యన్నీ నీకు ముందే తెలుసేమోనే?"

"తెలియదమ్మా, చెప్పు" అంది సుకన్య.

పాతికా పూర్తయ్యేదాకా ఊఁ కొడుతూనే ఉంది.