తుంపర కాదు

రాళ్లు కోసే ఆ షెడ్డుకు పెద్దన్నే మేస్త్రీ. పొద్దున్నే రంపాల మీదికి పంపు తిప్పి, "నీళ్లొదిలాను, ఇక గుడ్డలు విప్పండ్రా!" అని కేకేయడం అతని అలవాటు. పనివాళ్లంతా మూతికి కట్టుకున్న గుడ్డల్ని మెడల్లోకి లాగేసుకునేవాళ్లు. తడిలో దుమ్మేమిటి, విడ్డూరం కాకపోతే!

ఆ విడ్డూరాన్నే కొలవడానికి అతని చెల్లెలు పెట్టె మోసుకొచ్చింది. గాలిని పీల్చి, లేజరు వెలుగులో ఒక్కో రేణువునూ లెక్కపెట్టే యంత్రం అది. ఆమె ఇదివరకు తెచ్చిన పాత యంత్రం నీటి తుంపరను కూడా దుమ్ముకిందే జమకట్టేది. అందుకే అంకె ఎంత పెరిగినా అన్న "తుంపరేలే" అని కొట్టిపారేసేవాడు. కొత్తదానికి ఆమె గాలి పీల్చే మూతి దగ్గర వేడి గొట్టం అమర్చింది. తుంపర అక్కడే ఆవిరైపోతుంది, మిగిలేది దుమ్మే.

"రావమ్మా, దుమ్ము డాక్టరూ!" అన్నాడు అన్న, దగ్గు మధ్యలోనే నవ్వుతూ. "ఇవాళైనా మా షెడ్డు మీద నింద పోతుందా?"

"కాస్త ఊరుకో అన్నయ్యా, చూడనీ."

అంకె పడిపోవాలని ఆమె లోలోపల వెయ్యి మొక్కులు మొక్కుకుంది. పడిపోతే ఆ దగ్గు ఉత్త జలుబు దగ్గే. తన యంత్రం గొప్పతనం ఎవరిక్కావాలి! అన్న బాగుంటే అంతే చాలు.

యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ముందు గొట్టానికి వడపోత బిగించి శుభ్రమైన గాలి పంపింది. సున్నా. వడపోత తీశాక రంపం రాతిలోకి దిగింది. పక్కనున్న పాత యంత్రం అంకె ఎప్పట్లాగే ఎగిరింది. కొత్తదాని అంకె కూడా ఎగిరి, దానికి కాస్త కిందనే ఆగిపోయింది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

"నీ పెట్టెకేదో రోగమొచ్చింది. మళ్లీ చూడు."

మళ్లీ వడపోత బిగించింది. సున్నా. తీసింది. అదే అంకె. వంగి చూస్తున్న అన్న ముఖంలో నవ్వు ఇంకిపోయింది.

"అంటే... తుంపర కాదా?"

"కాదన్నయ్యా. కంటికి కనపడే దుమ్మునే నీళ్లు అణిచేస్తున్నాయి. ఇది కనపడనిది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది."

అతను రంపం ఆపించాడు. పనివాళ్లు అతనివైపే చూస్తున్నారు.

"విప్పమన్నది నేనే కదే," అన్నాడు మెల్లగా. "రోజూ నేనే."

మెడలోని గుడ్డను పైకి లాగాడు గానీ, తడికి ముడి జారిపోయింది. చెల్లెలు అతని వెనక్కి వెళ్లి కట్టింది. ఆ గుడ్డ చాలదని ఆమెకు తెలుసు. అయినా గట్టిగా బిగించి కట్టింది. కడుతుంటే ఏడుపొచ్చింది.

అతను షెడ్డంతా వినేలా కేకేయబోయాడు. దగ్గు తెర అడ్డుపడి, గోడ పట్టుకుని వంగిపోయాడు. ఆ కేక ఆమే వేసింది.

"పెద్దన్న చెబుతున్నాడు! గుడ్డలు కట్టుకుని అందరూ బయటికి నడవండి!"